మిర్చి మంటకు ఒక చేతి లేపనం: కొత్త ఫార్ములా నుంచి పేటెంట్ దాకా

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజన్ నడుస్తున్నప్పుడు సాయంత్రం పూట కుళాయిల దగ్గర నిలబడితే, హమాలీలూ తాలు కాయలు ఏరే కూలి మహిళలూ చేతులు కడుక్కునే తీరు కనిపిస్తుంది. ముందు సబ్బుతో కడుగుతారు. మంట తగ్గక కొబ్బరి నూనె రాసుకుని మళ్లీ కడుగుతారు. ఆ తరువాత కూడా ఇంటికి వెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవడానికి జంకుతారు. కొత్త గృహోపయోగ వస్తువునో, ఒంటికి వాడే ఉత్పత్తినో తయారు చేయాలనుకునే వారికి ఇంతకంటే స్పష్టమైన సమస్య దొరకదు. అందుకే ఈ వ్యాసంలో మిర్చి మంటను వదిలించే చేతి లేపనాన్నే ఉదాహరణగా తీసుకుని, ఆలోచన దగ్గర నుంచి పేటెంట్ చేతికి వచ్చే వరకు చేయవలసిన పనులను వరుసగా వివరిస్తాను. మీరు చేయదలచినది షాంపూ అయినా, గిన్నెలు తోమే ద్రవమైనా, నేల తుడిచే మందు అయినా దారి ఇదే.

మొదటే ఒక సంగతి చెప్పాలి. ఉత్పత్తి మంచిదైనంత మాత్రాన పేటెంట్ రాదు. అప్పటికే లోకానికి తెలిసిన వాటికంటే మీది ఎక్కడ, ఎంత భిన్నమో అంకెలతో చూపగలిగితేనే వస్తుంది. కాబట్టి రుజువు సేకరించే పని ఫార్ములా పూర్తయ్యాక మొదలుపెట్టేది కాదు, మొదటి బీకరు కడిగిన రోజు నుంచే సాగవలసినది.

సమస్యను కొలతలోకి దించడం

మిర్చి మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నీటిలో దాదాపు కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. కొబ్బరి నూనె రాసుకునే అలవాటు వెనుక ఉన్న శాస్త్రం ఇదే. అయితే నూనె క్యాప్సైసిన్‌ను తనలోకి లాక్కుంటుందే తప్ప చేతి మీద నుంచి తీసుకుపోదు. ఆ నూనెను కూడా నీటితో కొట్టుకుపోయేలా చేయాలి, అందుకు నురగ పదార్థం కావాలి. దానికి తోడు మన బోరు నీళ్లు చాలా చోట్ల కఠిన జలాలు. మామూలు సబ్బు అందులోని కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డు తెట్టుగా మారిపోయి, శుభ్రం చేసే శక్తిని చాలా వరకు కోల్పోతుంది. ఇప్పుడు ‘చేతుల మంట తగ్గాలి’ అన్న కోరిక, ‘కఠిన జలంతో అర నిమిషం కడిగినప్పుడు చర్మం మీద మిగిలే క్యాప్సైసిన్ ఎంత?’ అనే ప్రశ్నగా మారింది. కొలవగలిగిన ప్రశ్న ఇది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ఎరుపు పోయింది కాబట్టి కారం కూడా పోయిందనుకుంటారు. యార్డుకు వచ్చే చపాటా రకం కాయలో రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజ రకంలో కారం ఎక్కువ. చపాటా పొడితో పరీక్ష చేసి, చెయ్యి తెల్లబడిందని సంబరపడి, అదే లేపనాన్ని తేజ కాయలు ఏరిన చేతులకు ఇస్తే పరువు పోతుంది. రంగు పదార్థమూ మంట పదార్థమూ వేరు వేరు. మీరు కొలవవలసింది రెండో దానినే.

ఇంతకు ముందు ఎవరైనా చేశారా?

పని మొదలుపెట్టే ముందు కనీసం రెండు వారాలు వెతుకులాటకు కేటాయించండి. భారత పేటెంట్ కార్యాలయపు ఇన్‌పాస్ వెతుకులాట పేజీ, ఐరోపా వారి ఎస్పాస్‌నెట్, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వారి పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్ అన్నీ ఉచితమే. కేవలం మాటలతో వెతికితే సగం దొరకవు, వర్గీకరణ సంకేతాలతో కూడా వెతకాలి. సౌందర్య సాధనాలకు ఎ61కె 8, వాటి ఉపయోగాలకు ఎ61క్యూ, అందులో కడుగుడు ఉత్పత్తులకు ఎ61క్యూ 19/10, డిటర్జెంట్లకు సి11డి అనే సంకేతాలు ఉన్నాయి.

వెతికేటప్పుడు మీ వ్యాపారం పేరుతో కాకుండా ఆ పదార్థం చేసే పని పేరుతో వెతకండి. ‘మిర్చి కూలీల చేతి లేపనం’ అని వెతికితే ఏమీ దొరకకపోవచ్చు, మీరు పొంగిపోవచ్చు. కానీ పోలీసులు వాడే పెప్పర్ స్ప్రేలో ఉన్నది కూడా క్యాప్సైసిన్ జాతి పదార్థాలే. ఆ స్ప్రే పడిన ముఖాన్ని శుభ్రం చేసే ద్రవాల మీద విదేశాల్లో ఏనాడో దరఖాస్తులు పడ్డాయి. మీ దరఖాస్తును పరీక్షించే పేటెంట్ కార్యాలయ పరిశీలకుడు మీ ముందు పెట్టేవి అవే. దొరికిన ప్రతి పత్రంలోనూ ఏ నూనె, ఏ నురగ పదార్థం, ఎంత శాతం అన్నది ఒక పట్టికలో రాసుకోండి. ఆ పట్టికలో ఖాళీగా కనిపించే గడులే మీరు పని చేయదగిన చోటు.

బల్ల మీద పని

ఇంటి వంటగదిలో మొదలుపెట్టినా ఫరవాలేదు కానీ గిన్నెలు, గరిటెలు వేరుగా ఉండాలి. 0.01 గ్రాము వరకు చూపే తూకం, పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) మీటరు, థర్మామీటరు, గాజు బీకర్లు, కళ్లజోడు, గ్లోవ్స్ తప్పనిసరి. ముడి పదార్థాన్ని కొన్నప్పుడు దాని బ్యాచ్ నంబరును, విశ్లేషణ పత్రాన్ని అడిగి తీసుకోండి. డిటర్జెంట్ వ్యాపారులు ‘యాసిడ్ స్లర్రీ’ అని పిలిచే సల్ఫోనిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో తటస్థం చేసే పని గిన్నెల ద్రవాలకు పనికొస్తుంది కానీ, చేతి లేపనానికి అంత ఘాటు అవసరం లేదు. కాస్టిక్ వాడవలసి వస్తే కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి, నీటిని కాస్టిక్ మీద ఎప్పుడూ పోయకూడదు. టాయిలెట్ క్లీనర్ల మీద ప్రయోగాలు చేసేవారు బ్లీచింగ్‌ను, ఆమ్లాన్ని ఒకే బల్ల మీద కూడా ఉంచవద్దు. ఆ రెండూ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

మన ఉదాహరణకు ఒక ఆరంభ ఫార్ములా ఇది. మొత్తం 100 భాగాల బరువులో తవుడు నూనె 25, ఎస్‌ఎల్‌ఈఎస్ అనే నురగ పదార్థపు పేస్ట్ 12, మరో మృదువైన నురగ పదార్థం కోకమిడోప్రొపైల్ బీటైన్ 7, గ్లిజరిన్ 5, చిక్కదనానికి జాంథన్ గమ్ 0.4, కుంకుడు సారం ఘన పదార్థం లెక్కన 2, నీటిలోని కాల్షియాన్ని పట్టి ఉంచే డైసోడియం ఈడీటీఏ 0.1, చెడిపోకుండా కాపాడే నిలువ పదార్థం ఫినాక్సీ ఇథనాల్ 0.8, పీహెచ్ 5.5 దగ్గరకు తేవడానికి సిట్రిక్ ఆమ్లం, మిగిలినది నీరు. ఉత్తర తెలంగాణలో రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి తవుడు నూనెను ఎంచుకున్నాను. ఎస్‌ఎల్‌ఈఎస్ పేస్ట్ సాధారణంగా 70 శాతం గాఢతతో వస్తుంది. అంటే 12 భాగాల పేస్ట్‌లో అసలు సరుకు 8.4 భాగాలే. పేటెంట్ పత్రంలో ఈ తేడాను స్పష్టంగా రాయకపోతే తరువాత అభ్యంతరం వస్తుంది. జాంథన్ గమ్‌ను నేరుగా నీటిలో వేస్తే ఉండలు కడుతుంది, ముందుగా గ్లిజరిన్‌లో కలిపి ఆ తరువాత నీటిలోకి వదలాలి.

ఈ ఆరంభ ఫార్ములా మొదటి వారంలోనే నూనె తేల్చి విడిపోయే అవకాశం ఎక్కువ. విడిపోనివ్వండి, ఏ రోజున, ఏ ఉష్ణోగ్రత వద్ద విడిపోయిందో రాసుకోండి. తుప్పు పట్టకుండా వాడే డబ్ల్యూడీ-40 పేరులోని అంకె అది 40వ ప్రయత్నంలో కుదిరిందన్న దానికి గుర్తు. విఫలమైన ప్రయత్నాల వివరాలు రేపు పేటెంట్ పరిశీలకుడి ముందు ‘ఇది ఎవరికైనా తట్టే కలయిక కాదు’ అని వాదించడానికి మీకు దొరికే మంచి సరుకు. అందుకే నోటుబుక్కు పేజీలకు ముందే అంకెలు వేసి, ప్రతి పేజీ కింద తేదీ, సంతకం పెట్టి, ఆ పని అర్థమయ్యే మరొకరితో, ఆయన రహస్యం కాపాడతాననే ఒప్పందం చేశాకే, సాక్షి సంతకం చేయించండి. పెన్సిలు వాడవద్దు, పేజీ చించవద్దు, తప్పును ఒక గీతతో కొట్టేసి పక్కన రాయండి.

కుంకుడు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన ఇళ్లలో తలంటుకు వాడే కాయే కదా అని తేలికగా తీసుకుంటాం కానీ, ఫార్ములాలో అది చాలా మొండి సరుకు. గింజ తీసిన పెచ్చును పొడి చేసి వేడి నీటిలో నానబెట్టి వడగడితే వచ్చే రసంలో నురగనిచ్చే సాపోనిన్లతో పాటు చక్కెరలూ ఉంటాయి. అందుకే త్వరగా పులుస్తుంది. ఒక ఏడాది మే నెలలో హన్మకొండలో మా ఇంటి అటక మీద మూత బిగించి పెట్టిన కుంకుడు రసం సీసా అర్ధరాత్రి పేలింది. గోడంతా గోధుమ రంగు చారలు, ఇల్లంతా పుల్లటి వాసన. ఆ రోజు నుంచి సారాన్ని ఆరబెట్టి పొడిగానే దాచుకుంటున్నాను. అంతేకాక, ఒక చెట్టు కాయకూ మరో చెట్టు కాయకూ బలంలో తేడా ఉంటుంది. 10 గ్రాముల రసాన్ని 105 డిగ్రీల వద్ద బరువు మారడం ఆగే దాకా ఆరబెట్టి తూచితే ఘన పదార్థం ఎంతో తెలుస్తుంది. ఫార్ములాలో ‘కుంకుడు రసం 20 మిల్లీలీటర్లు’ అని కాకుండా ఘన పదార్థం శాతంలో రాయడం అందుకే.

కలయికా, కేవలం కలగాపులగమా?

భారత పేటెంట్ చట్టం, 1970లో ఫార్ములాలు తయారుచేసే వారు కంఠస్థం చేయవలసిన నిబంధన సెక్షన్ 3(ఇ). తెలిసిన పదార్థాలను కలిపినప్పుడు వాటి గుణాలు కేవలం పక్కపక్కన చేరితే అది ఆవిష్కరణ కాదని ఆ నిబంధన చెబుతుంది. తవుడు నూనె క్యాప్సైసిన్‌ను కరిగించింది, కుంకుడు కడిగింది అని రాస్తే పరిశీలకుడు ‘అది తెలిసిందే కదా’ అంటాడు. రెండూ కలిసినప్పుడు విడివిడి ఫలితాల లెక్కకు మించిన ఫలితం వచ్చిందని చూపాలి. దీనిని చూపే పరీక్షను వివరంగా చెబుతాను, ఎందుకంటే దరఖాస్తు నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

మనుషుల చేతుల మీద మొదటే ప్రయోగాలు చేయవద్దు. మాంసం దుకాణంలో దొరికే మేక తోలును వెంట్రుకలు, కొవ్వు తీసి శుభ్రం చేసి, 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా కత్తిరించండి. తేజ మిర్చి నుంచి తీసిన ఓలియోరెసిన్‌ను (చిక్కటి కారపు సారాన్ని) ఆల్కహాల్‌లో పలుచన చేసి, ప్రతి ముక్క మీద ఒకే పరిమాణంలో పిపెట్‌తో వేసి, పది నిమిషాలు ఆరనివ్వండి. ఆ తరువాత ఒక గ్రాము లేపనం వేసి, గ్లోవ్స్ వేసుకున్న వేలితో 30 సెకన్లు రుద్ది, 200 మిల్లీలీటర్ల నీటితో కడగండి. ఆ నీరు రోజుకొక రకంగా ఉండకూడదు. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.44 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపితే, కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 300 పీపీఎం కాఠిన్యం ఉన్న నీరు తయారవుతుంది. చివరికి ముక్కను 20 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో అరగంట నానబెట్టి, వడగట్టి, అందులో మిగిలిన క్యాప్సైసిన్‌ను కొలిపించాలి. 280 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూస్తే చాలదా అని విద్యార్థులు అడుగుతుంటారు. కుంకుడు సారంలోని ఇతర పదార్థాలు కూడా ఆ పరిసరాల్లోనే కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. హెచ్‌పీఎల్‌సీ అయితే దేనిని దానిగా వేరు చేసి చూపిస్తుంది. ఆ యంత్రం సాధారణంగా ఫార్మసీ కళాశాలల్లో, ఔషధ పరీక్షా ప్రయోగశాలల్లో ఉంటుంది. నమూనాలు ఇచ్చే ముందు రహస్య ఒప్పందం రాసుకోవడం మరవవద్దు.

ఇక పోలిక. కనీసం నాలుగు నమూనాలు కావాలి: నూనె, కుంకుడు రెండూ లేనిది, నూనె మాత్రమే ఉన్నది, కుంకుడు మాత్రమే ఉన్నది, రెండూ ఉన్నది. మిగతా పదార్థాలన్నీ నాలుగింటిలోనూ ఒకే మోతాదులో ఉండాలి. ఒక్కో నమూనాకు ఆరు ముక్కలకు తగ్గకుండా పరీక్షించి, ఏ సీసాలో ఏది ఉందో రుద్దే వ్యక్తికి తెలియకుండా అంకెలు మాత్రమే అంటించండి. లెక్క అర్థం కావడానికి మాత్రం ఒక ఊహాత్మక ఫలితం చెబుతాను. రెండూ లేని నమూనాతో కడిగాక మిగిలిన దానిని 100 అనుకుందాం. నూనె ఉన్నదానితో 50, కుంకుడు ఉన్నదానితో 80 మిగిలిందనుకుందాం. రెండూ దేనికది విడిగా పనిచేస్తే, కలిపినప్పుడు 50లో 80 శాతం, అంటే 40 మిగలాలి. 38 మిగిలితే కలగాపులగమే. 15 మిగిలితే లోపల ఏదో కొత్తది జరిగినట్టు. ఆ జరిగినదేమిటో, బహుశా సాపోనిన్ వల్ల నూనె బిందువులు చిన్నవై కఠిన జలంలోనూ విడిపోకుండా కొట్టుకుపోతున్నాయేమో, మైక్రోస్కోపు కింద చూసి రాయగలిగితే ఇంకా మంచిది. ఆ కొత్త ఫలితం ఏ మోతాదు దగ్గర మొదలై ఏ మోతాదు దగ్గర ఆగిపోతుందో కూడా కనుక్కోండి. రేపు క్లెయిములో, అంటే మీరు కోరే హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో, రాసే హద్దులు అవే.

అదనపు ఫలితం రాకపోతే నిరాశపడకుండా ఫార్ములా మార్చాలి, అంకెలను మాత్రం మార్చకూడదు. నేను ఒకసారి మొక్కజొన్న బెండు పొడి కలిపితే రుద్దుడుకు బాగుంటుందనుకున్నాను. తోలు ముక్క మీద ఫలితం బాగానే కనిపించింది. నా చేతికి వాడి చూస్తే గరుకుకు చర్మం గీసుకుపోయి మంట రెట్టింపయింది. అది నోటుబుక్కులో ఒక పేజీగా మిగిలింది.

నిలకడ, భద్రత

వరంగల్ ఎండకాలాన్ని తట్టుకోని లేపనానికి యార్డులో చోటు లేదు. నమూనాలను 45 డిగ్రీల ఓవెన్‌లో, గది ఉష్ణోగ్రతలో, ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచి పీహెచ్, చిక్కదనం, వాసన, రంగు నెలకొకసారి రాసుకోండి. నీరు ఉన్న ప్రతి ఉత్పత్తిలోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి, కావాలని సూక్ష్మజీవులను వేసి 28 రోజులు గమనించే నిలువ పదార్థ పరీక్ష చేయించాలి. సోడియం బెంజోయేట్ చవక అని వాడేవారు అది పీహెచ్ 5కు పైన దాదాపు పనిచేయదని గుర్తుంచుకోవాలి. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014 నుంచి నిషిద్ధం. మనుషుల మీద ప్యాచ్ పరీక్షను భారతీయ ప్రమాణం ఐఎస్ 4011 ప్రకారం, నైతిక కమిటీ ఉన్న సంస్థలోనే, పాల్గొనేవారి రాతపూర్వక అంగీకారంతో చేయించాలి. పదార్థాల జాబితాను ఐఎస్ 4707తో సరిచూసుకోవడం ఇప్పుడే చేస్తే లైసెన్సు దగ్గర మళ్లీ మొదటికి రావలసిన అవసరం ఉండదు.

నోరు కట్టుకోవలసిన కాలం

దరఖాస్తు వేయకముందే మీ ఫార్ములాను యూట్యూబ్‌లో చూపినా, వాట్సాప్ గ్రూపులో పెట్టినా, స్టాల్ పెట్టి అమ్మినా అది కొత్తది కాకుండా పోతుంది. నాకు తెలిసిన ఒక మహిళా సంఘం వారు ఎంతో శ్రమించి చేసిన గిన్నెల పొడిని ఒక ప్రదర్శనలో, కరపత్రంలో మోతాదులతో సహా పంచిపెట్టి, ఆ తరువాత నా దగ్గరకు వచ్చారు. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది కానీ ఊళ్లో జరిగే ప్రతి మేళాకూ అది వర్తించదు.

ఈ దశలోనే మరొకటి తేల్చుకోవాలి. పేటెంట్ తీసుకుంటే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు వస్తుంది, బదులుగా ఫార్ములా అంతా లోకానికి చెప్పాలి. సీసాను విశ్లేషించినా కనిపెట్టలేని తయారీ కిటుకు మీదైతే వ్యాపార రహస్యంగా ఉంచుకోవడమే మేలు. పైన చెప్పిన డబ్ల్యూడీ-40 వారు 1953లో తయారైన తమ ఫార్ములాకు పేటెంట్ తీసుకోకుండా రహస్యంగానే ఉంచారు. మన లేపనం విషయంలో పదార్థాల జాబితా సీసా మీద ఎలాగూ అచ్చు వేయాలి కాబట్టి రహస్యం ఎక్కువ కాలం నిలవదు, పేటెంటే తగినది అని నా అభిప్రాయం.

బామ్మల వైద్యం, అడవి సరుకు

పసుపు గాయాలను మాన్పుతుందన్న దానిపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇస్తే, మన శాస్త్రీయ పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి 1997లో రద్దు చేయించింది. అదే సూత్రం మనకూ వర్తిస్తుంది. సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానం మీద ఎవరికీ పేటెంట్ రాదు. కుంకుడుతో తల రుద్దుకోవడం, వేపాకు వేసిన నీళ్లు పోసుకోవడం ఎంత బాగా పనిచేసినా మీ ఆవిష్కరణ కావు. ఆ పదార్థంతో ఎవరూ ఊహించని సాంకేతిక ఫలితం సాధించి, దానినే కోరాలి.

కుంకుడుకాయలు ములుగు అడవుల నుంచి వచ్చినా, హైదరాబాద్ బేగంబజార్‌లో కొన్నా అవి జీవవనరులే. 2002 నాటి జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఇక్కడి వనరులతో ఆవిష్కరణ చేసిన భారతీయ దరఖాస్తుదారులు పేటెంట్ మంజూరు కాకముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థలో నమోదు కావాలి, వాణిజ్యపరంగా వాడే ముందు అనుమతి పొందాలి. ఫారం 1లో జీవవనరులు వాడారా అనే ప్రకటన ఉంటుంది. దానిని చూసీ చూడనట్టు వదిలేసిన దరఖాస్తులు చివరి మెట్టు మీద ఆగిపోతాయి. కాయలు కొన్న రశీదులను నోటుబుక్కుకు జతచేసి ఉంచండి.

పత్రం రాయడం, దాఖలు చేయడం

ఆలోచన రూపు దిద్దుకుని, పరీక్షలు ఇంకా సగంలో ఉంటే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ తాత్కాలిక వివరణ పత్రం) వేసి తేదీ సంపాదించుకోవచ్చు. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ వేయకపోతే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే. ప్రొవిజనల్ కదా అని రెండు పేజీలతో సరిపెట్టడం తప్పు. అందులో లేని సంగతికి ఆ తేదీ రాదు. పత్రం ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగులో స్వీకరించరు. అందుకే ముందు తెలుగులో స్పష్టంగా రాసుకుని, ఆ తరువాత పేటెంట్ ఏజెంటు చేత రాయించడం మంచి పద్ధతి.

పూర్తి స్పెసిఫికేషన్‌లో సమస్య, అంతకు ముందున్న పరిష్కారాలు, వాటి లోపాలు, మీ మిశ్రమం, తయారీ వరుస, కనీసం నాలుగైదు ఉదాహరణలు, పోలిక పట్టికలు ఉండాలి. మీకు తెలిసిన ఉత్తమ పద్ధతిని దాచడం చట్ట విరుద్ధం, అది తరువాత పేటెంట్ రద్దుకు కారణమవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనవి క్లెయిములు, ఎందుకంటే న్యాయస్థానం చూసే సరిహద్దు రాళ్లు అవే. మన ఉదాహరణకు మొదటి క్లెయిము భావం ఇలా ఉండవచ్చు: ‘చర్మం మీద నుంచి క్యాప్సైసినాయిడ్లను తొలగించే మిశ్రమం, అందులో బరువు ప్రకారం 20 నుంచి 30 శాతం తవుడు నూనె, 6 నుంచి 10 శాతం ఎథాక్సీకృత సల్ఫేట్ (ఎస్‌ఎల్‌ఈఎస్ వంటి) నురగ పదార్థం, ఘన పదార్థం లెక్కన 1.5 నుంచి 3 శాతం కుంకుడు సారం ఉంటాయి. తవుడు నూనెకూ కుంకుడు సారానికీ ఉన్న బరువు నిష్పత్తి 8:1 నుంచి 15:1 వరకు ఉంటుంది.’ తరువాతి క్లెయిములు పీహెచ్, బిందువుల పరిమాణం, తయారీ విధానం వంటి వాటితో దీనిని మరింత బిగిస్తాయి. మొదటి క్లెయిములో ప్రతి మాటా ఒక కంచె. అందులో రాసిన ప్రతి పదార్థమూ పోటీదారు తప్పించుకునే ఒక దారి అవుతుంది కాబట్టి సువాసన, రంగు, నిలువ పదార్థం అక్కడ రాయకండి. అలాగని పరీక్షల్లో చూడని హద్దుల వరకు చాపితే పరిశీలకుడు నరుకుతాడు.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి, అయితే అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 స్పెసిఫికేషన్, ఫారం 3 విదేశీ దరఖాస్తుల వివరం, ఫారం 5 ఆవిష్కర్తల ప్రకటన. ఏజెంటు ద్వారా వేస్తే ఫారం 26, స్టార్టప్ లేదా చిన్న సంస్థ రాయితీ కోరితే ఫారం 28 చేర్చాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము ₹1,600, పెద్ద సంస్థలకు ₹8,000. 30 పేజీలు దాటితే, 10 క్లెయిములు దాటితే అదనం. పరిశీలన కోరే ఫారం 18కి వ్యక్తులకు ₹4,000. ఆ కోరిక దరఖాస్తు మొదటి తేదీ నుంచి 31 నెలల లోపల పడాలి, ఎవరూ గుర్తు చేయరు. దరఖాస్తుదారుల్లో ఒక్క మహిళ ఉన్నా ఫారం 18ఎ కింద త్వరిత పరిశీలన కోరవచ్చు. వ్యక్తులకు దానికి ₹8,000. సంఘాలుగా పని చేసే మహిళలు ఈ వెసులుబాటును అంతగా వాడుకోకపోవడం చూస్తుంటే బాధ కలుగుతుంది. కళాశాలలో చదువుతూ అక్కడి ప్రయోగశాల వాడినవారు మాత్రం ఆ సంస్థ మేధో సంపత్తి నియమాలను ముందే చదవాలి, హక్కుదారు మీరు కాకపోవచ్చు. ఆవిష్కర్తగా పేరు రాయవలసింది ఆలోచనలో పాలు పంచుకున్నవారినే, గౌరవం కోసం పెద్దల పేర్లు చేర్చకూడదు.

విదేశాల్లోనూ కావాలంటే మొదటి తేదీ నుంచి 12 నెలల్లో పీసీటీ దరఖాస్తు (పలు దేశాలకు కలిపి ఒప్పందం కింద వేసే అంతర్జాతీయ దరఖాస్తు) వేయాలి. ఇక్కడ వేయకుండా నేరుగా విదేశంలో వేయడానికి సెక్షన్ 39 కింద అనుమతి తప్పనిసరి.

అభ్యంతరాల లేఖ

దరఖాస్తు సాధారణంగా 18 నెలల తరువాత ప్రచురితమవుతుంది. ఆ తరువాత వచ్చే మొదటి పరిశీలన నివేదికను చూసి గుండె జారిపోనక్కర్లేదు, అభ్యంతరం లేని నివేదిక అరుదు. జవాబుకు 6 నెలలు గడువు, కోరితే మరో 3 నెలలు. మిశ్రమాల విషయంలో కొత్తదనం, ఆవిష్కరణ దశ (ఆ రంగం తెలిసినవారికి తేలికగా తట్టనిదేనా అన్నది), 3(ఇ), 3(పి), జీవవైవిధ్య నమోదు అనే అయిదు అభ్యంతరాలు దాదాపు ఒకే వరుసలో వస్తాయి. ఒక్కొక్క దానికి విడిగా, పట్టిక సంఖ్య చూపుతూ జవాబివ్వండి. ‘మా ఉత్పత్తి చాలా బాగుంది’ అనే వాక్యం జవాబులో ఎక్కడా ఉండకూడదు. పెప్పర్ స్ప్రే పత్రాన్ని ఎదురు పెడితే, ఆ పత్రంలోని ఫార్ములాను మీరే తయారు చేసి, అదే మేక తోలు మీద, అదే కఠిన జలంతో పరీక్షించి ఫలితాన్ని పక్కన పెట్టండి. దాఖలు చేసే ముందే ఈ పని చేసి స్పెసిఫికేషన్‌లో చేర్చినవారికి ఈ దశ సగం తేలికవుతుంది.

అమ్మకానికి ముందు, మంజూరు తరువాత

పేటెంట్ ఉన్నంత మాత్రాన అమ్ముకునే అనుమతి వచ్చినట్టు కాదు. చేతి లేపనం, షాంపూ, ఒంటి సబ్బు సౌందర్య సాధనాల కిందికి వస్తాయి. వాటి తయారీకి కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు కావాలి. సొంత యూనిట్ లేనివారు లైసెన్సు ఉన్న మరొకరి యూనిట్‌లో చేయించుకునే లోన్ లైసెన్సు తీసుకోవచ్చు. గిన్నెల ద్రవానికి, బట్టల పొడికి ఈ లైసెన్సు అవసరం లేదు. లేబుల్ మీద మాటల విషయంలో జాగ్రత్త: ‘మిర్చి ఘాటును శుభ్రం చేస్తుంది’ అంటే సౌందర్య సాధనం, ‘చర్మపు మంటను నయం చేస్తుంది’ అంటే ఔషధం. ఆ ఒక్క క్రియాపదంతో మీరు వేరే చట్టపు వాకిట్లో నిలబడతారు.

మంజూరు అయ్యాక మూడో సంవత్సరం నుంచి లెక్కేసి వార్షిక రుసుము కట్టాలి. వ్యక్తులకు మూడు నుంచి ఆరో ఏడాది వరకు ఏటా ₹800, ఏడు నుంచి పదో ఏడాది వరకు ₹2,400, 11 నుంచి 15 వరకు ₹4,800, ఆ పైన ₹8,000. మంజూరు ఆలస్యమైతే గడిచిన ఏళ్ల బాకీ మొత్తం మంజూరు నమోదైన మూడు నెలల్లో కట్టాలి. నాలుగేళ్లకు తక్కువ కాకుండా ఒకేసారి ఆన్‌లైన్‌లో ముందుగా కడితే 10 శాతం తగ్గింపు ఉంది. ఆవిష్కరణను దేశంలో ఎలా వినియోగిస్తున్నారో తెలిపే ఫారం 27ను మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి దాఖలు చేయాలి. ఈ తేదీలను ఫోనులో మాత్రమే కాక, యూనిట్‌లో తూకం పక్కన గోడకు వేలాడే క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో కూడా రాసిపెట్టండి.